మాత్ర ఉచితమే, మిగతా ఖర్చు సంగతి చూడండి: గోదావరి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల కలెక్టర్ గార్లకు, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారులకు నమస్కారాలు.

నాది రాజోలు దీవి. ఊరి పేరు గానీ నా పేరు గానీ రాయడం లేదు. ఎందుకో లేఖ చదివితే మీకే తెలుస్తుంది. చాలా ఏళ్ళుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాను. రొయ్యల షెడ్డులో పని చేస్తాను. పని లేని రోజుల్లో నాలాంటి వాళ్ళకు దరఖాస్తులు నింపిపెడతాను, జబ్బు కొత్తగా బయటపడిన వాళ్ళకు తోడుగా, ఈ మందులు ఉచితంగా ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్తాను. అలా నలుగురితో తిరగడం వల్ల ఎవరి ఇంట్లో డబ్బు ఎక్కడ ఆగిపోతుందో నాకు కొంత తెలుసు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మందులు ఉచితంగా ఇమ్మని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. ఇస్తున్నారు, తీసుకుంటున్నాం, బతికి ఉన్నాం. ఆ మాత్ర చేతికి రావడానికి అయ్యే ఖర్చు, ఆ మాత్రతో తగ్గని జబ్బులు వచ్చినప్పుడు అయ్యే ఖర్చు మా మీదే పడుతున్నాయి. వాటికి సాయం అడుగుదామంటే ప్రతిచోటా ముందు జబ్బు పేరు చెప్పమంటున్నారు. ఈ రెండు సంగతుల మీదా మీరు ఒక నిర్ణయం తీసుకోవాలని నా విన్నపం.

పాత రోజులు చూసినదాన్ని గనక ఇప్పుడున్న మేలును తక్కువ చేసి మాట్లాడను. 2001లో సిప్లా కంపెనీ మూడు మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ముందుకొచ్చేదాకా, ఇవే మందులు విదేశాల్లో ఏడాదికి పది వేల డాలర్ల పైమాట. ధర అంత పడిపోయినా కూలి చేసుకునేవాళ్ళకు అందలేదు. మా ఆయన లారీ డ్రైవరు. ఆయన మందుల కోసం కొబ్బరితోటలో మా వాటాకొచ్చిన ముక్క అమ్మాం. ఆ డబ్బు అయిపోయాక మందులు కొనడమూ ఆగిపోయింది. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఎనిమిది ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అది మా వైపు దాకా వచ్చేసరికి ఆయన లేరు. నేను మాత్రం ఆ మందుల వల్లే ఉన్నాను.

ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర ఒకటే, రోజుకు ఒక్కసారి. 2017 నుంచి సీడీ ఫోర్ (ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాల లెక్క) ఎంతున్నా సరే, జబ్బు తేలిన అందరికీ మందు మొదలుపెడుతున్నారు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడు పరీక్ష కూడా ఉచితమే. 2023లో పేద దేశాలకు మందులు కొనడానికి సాయం చేసే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ ఈ మాత్రల ధరను మనిషికి ఏడాదికి 45 డాలర్ల లోపుకు తెచ్చింది. మన లెక్కలో రోజుకు పది రూపాయలన్నమాట. ఆఫ్రికా దేశాలు వాడే ఈ మందుల్లో చాలా భాగం మన దేశంలోనే తయారవుతాయి. హైదరాబాద్ కంపెనీలు చేస్తాయి, విశాఖ పక్కన పరవాడలో చేస్తారు. కాబట్టి మందు దొరకకపోవడమో, దాని ధరో ఇప్పుడు మా కష్టం కాదు. 2022లో స్టాకు తక్కువైనప్పుడు మాత్రం చాలాచోట్ల కొద్ది రోజులకు సరిపడా మాత్రలే ఇచ్చి పంపారు. ఢిల్లీలో బాధితులు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. మళ్ళీ అలా రాకుండా చూడడం మీ పైవాళ్ళ పని. నేను అడిగేవి మీ చేతుల్లో ఉన్నవి.

మొదటిది దారి ఖర్చు. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే రాజోలు, అమలాపురం మీదుగా బస్సులు మారుతూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రోజంతా పోతుంది. అటు పశ్చిమ గోదావరి వైపు వెళ్ళేవాళ్ళు నరసాపురం రేవులో పంటు మీద గోదావరి దాటి, అవతల ఆటో ఎక్కి, ఆపైన బస్సు పట్టుకోవాలి. ఆ రోజు కూలి ఎలాగూ పోతుంది. చంకలో పిల్ల ఉంటే తినడానికి ఏదో ఒకటి కొనాలి. చంటిపిల్లను ఇంటి దగ్గర వదిలి వెళ్దామంటే ఎవరికి అప్పజెప్పాలన్నా ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతారు.

దగ్గర్లో ఇవే మాత్రలిచ్చే చిన్న లింక్ సెంటర్ ఉందిగా, అక్కడే తీసుకోవచ్చుగా అని కౌన్సిలర్లు అంటారు. వాళ్ళ మాట మంచిదే. కానీ ఆ ఆస్పత్రిలో చీటీలు రాసే అమ్మాయి మా వీధి కోడలు. బయట టీ కొట్టు పెట్టుకున్నాయన మా షెడ్డుకు ఐసు తోలే మనిషి. ఏ గదిలోంచి బయటికొచ్చామో చూస్తే చాలు. అందుకే దగ్గర సెంటర్ వదిలేసి, పక్క జిల్లాలో పేరు రాయించుకుని అంత దూరం పోయేవాళ్ళు మాలో చాలామంది. ఇది వాళ్ళ అమాయకత్వం అనుకోకండి. పెళ్ళి కావాల్సిన కూతురున్న తల్లి దూరం పోకుండా ఏం చేస్తుంది?

రైల్వే శాఖ ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్ళి రావడానికి సెకండ్ క్లాసులో సగం టికెట్ రాయితీ ఇస్తుంది. సంతోషం. మా కోనసీమలో రైలే లేదు. కోటిపల్లి నుంచి నరసాపురానికి లైను వేస్తారని బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పటి నుంచి వింటున్నాం. ఆయన పోయింది 2002లో. నదిలో నిలబెట్టిన స్తంభాలు చూసుకుంటూ ఇంకా పంటులోనే దాటుతున్నాం. ఒకవేళ రైలు వచ్చినా, ఆ రాయితీ కాగితం మీద జబ్బు పేరు ఉంటుంది, కౌంటర్‌లో చూపించాలి. కాకినాడ వైపు రైలు అందుబాటులో ఉన్నవాళ్ళలో కూడా ఆ కాగితం వాడినవాళ్ళు నాకు ఎదురుపడలేదు.

దానికి పూర్తి భిన్నమైన అనుభవం 2025 ఆగస్టు 15 తర్వాత చూశాను. ఆ రోజు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. స్త్రీశక్తి పథకం మా జబ్బును దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాదు. అయినా ఇన్నేళ్ళలో మాకు ఇంత అక్కరకొచ్చిన సాయం ఇంకోటి లేదంటాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. ఎందుకు వెళ్తున్నావని అడగడు. గుడికెళ్ళే ఆవిడకూ నాకూ ఒకటే టికెట్. బస్సు చార్జీలు లేక రెండు మూడు నెలలు మందులు మానేసిన ఆడవాళ్ళు కొందరు ఇప్పుడు సక్రమంగా వెళ్తున్నారు. మగవాళ్ళకు ఆ దారి లేదు. పంటుకు, ఆటోకు డబ్బులు ఎవరికైనా ఒకటే.

రెండోది ఇంకా పెద్దది. హెచ్‌ఐవీ వైరస్‌ను అదుపులో పెట్టే మాత్ర ఉచితమే గానీ, ఆలస్యంగా ఆస్పత్రికి చేరినవాళ్ళకు అప్పటికే ఒంట్లో చేరిన జబ్బులు వేరు. టీబీ అయితే మందులు ఉచితం, పైగా పోషకాహారం కోసం నెలకు వెయ్యి రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. 2024 నవంబర్ దాకా అది ఐదు వందలే ఉండేది, పెంచారు. మిగతా జబ్బులకు అలాంటి ఏర్పాటు లేదు. మెదడు పొరలకు పట్టే ఫంగస్ ఒకటి ఉంది, క్రిప్టోకోకల్ మెనింజైటిస్ అంటారు. భరించలేని తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. దానికి లిపోసోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. కరోనా రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఊళ్ళన్నీ వెతికిన ఇంజెక్షన్ అదే, ఆ పేరు మీకూ గుర్తుండే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన పద్ధతి ప్రకారం కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒక్కసారే పెద్ద మోతాదు ఇచ్చి, దానితో పాటు రెండు వారాలు వేరే మాత్రలు ఇస్తారు. యాభై కిలోల మనిషికి 500 మిల్లీగ్రాములు కావాలి. సీసాలో ఉండేది 50. అంటే పది సీసాలు. ఒక్కొక్కటి వేలల్లో ఉంటుంది.

ఆస్పత్రిలో స్టాకు ఉంటే ఇస్తారు. లేకపోతే చీటీ రాసి బయట తెచ్చుకోమంటారు. ఆ చీటీ పట్టుకుని మందుల షాపు ముందు నిలబడ్డ కుటుంబాన్ని నేను చూశాను. గల్ఫ్‌లో పని చేసి, మెడికల్‌లో అన్‌ఫిట్ అని తిప్పి పంపేస్తే ఇంటికొచ్చిన కుర్రాడు. ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి మంచం మీద ఉన్నాడు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరనేలేదు, దాని మీద ఇంజెక్షన్లకు అప్పు. వాళ్ళమ్మ మెడలో పుస్తెలతాడు తాకట్టుకు వెళ్ళింది. డ్వాక్రా సంఘంలో లోను అడిగితే దేనికని తీర్మానంలో రాయాలి కదా, గర్భసంచి ఆపరేషన్ అని రాయించింది. మా వాళ్ళలో ఆడవాళ్ళు తీసుకున్న అప్పుల కారణాలు నమ్మితే, రాజోలు దీవిలో సగం మందికి గర్భసంచి లేనట్టే. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన మిగతా అప్పు సంగతి గుర్తొస్తే నవ్వు రాదు. ఆ కుర్రాడు బతికాడు. ఇప్పుడు చేపల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు, జీతం వడ్డీకే సరిపోతోంది.

ఇంకో జబ్బు కంటి వెనక పొరను తినేస్తుంది. సీఎంవీ అనే వైరస్ వల్ల వస్తుంది. వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు మొదటి మూడు వారాలు రోజుకు నాలుగు, తర్వాత రోజుకు రెండు చొప్పున నెలల తరబడి వాడాలి. మాత్ర ఒక్కొక్కటి వందల్లో ఉంటుంది. కొనలేక మధ్యలో ఆపేస్తే చూపు పోతుంది. ఒకసారి పోయిన చూపు, తర్వాత సీడీ ఫోర్ ఎంత పెరిగినా తిరిగి రాదు. చూపు పోయాక వికలాంగుల పెన్షన్ నెలకు ఆరు వేలు ఇస్తారు, దానికి ప్రభుత్వం దగ్గర డబ్బుంది. చూపు పోకుండా ఆపే మాత్రలు కొనడానికి పద్దు లేదు. ఈ లెక్క ఎవరు వేశారో నాకు అర్థం కాదు.

ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇంకో బాదుడు ఉంది. ఆపరేషన్ అవసరమైనప్పుడు, హెచ్‌ఐవీ అని తెలియగానే డాక్టర్లు వేసుకునే రక్షణ కిట్టు చార్జీ అని వేరే బిల్లు వేస్తారు. ఎవరికి ఏ జబ్బు ఉందో తెలియదు కాబట్టి అందరికీ ఒకే జాగ్రత్తలు తీసుకోవాలన్నది వైద్యంలో మొదటి పాఠం. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. వైద్యంలో మాకు వేరు చూపించడం దాని 3వ సెక్షన్ ప్రకారం నేరుగా తప్పు. ఆ బిల్లు పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో మాత్రం మా వాళ్ళకు తెలియదు. ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి, అంబుడ్స్‌మన్, రాష్ట్రంలో ఉండాలని అదే చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ప్రతి ఏఆర్‌టీ సెంటర్ గోడ మీద ఆ అధికారి ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో రాయించండి. రంగు డబ్బా ఖర్చు తప్ప ఇంకేం కాదు.

ఇక సాయం సంగతి. ఏమీ లేదని నేను అనను. ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ళకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు నాలుగు వేల పెన్షన్ ఉంది. దేశంలో అన్ని రాష్ట్రాల్లో ఇంత లేదు, ఆ మేలు మరిచిపోను. అయితే మీ రికార్డుల్లో ఆ పెన్షన్ తీసుకునేవాళ్ళ సంఖ్య చూసి, అవసరం ఉన్నవాళ్ళు ఇంతమందే అనుకోకండి. వితంతు పెన్షన్ కూడా నాలుగు వేలే. ఒక మనిషికి ఒకటే పెన్షన్. భర్త పోయిన మాలాంటి వాళ్ళం వితంతు పెన్షన్ తీసుకుంటాం. అదే డబ్బు, జబ్బు పేరు చెప్పక్కర్లేదు. ఒంటరి మహిళ అని రాయించుకున్నవాళ్ళూ ఉన్నారు. అరవై దాటినవాళ్ళు వృద్ధాప్య పెన్షన్‌లో సర్దుకుంటారు. అలా వేరే పేరు కింద దాక్కోవడానికి వీల్లేనిది నడివయసు మగవాళ్ళకు, భర్త బతికున్న ఆడవాళ్ళకు. వాళ్ళలో చాలామంది అసలు దరఖాస్తే పెట్టరు. మంచి ఎత్తూ ఒడ్డూ ఉన్న మగవాడికి పెన్షన్ ఎందుకొస్తోందని అరుగు మీద కూర్చున్నవాళ్ళు అడుగుతారు కదా.

ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ప్రైవేటు ఆస్పత్రి బిల్లులు ఎమ్మెల్యే గారి ఆఫీసులో ఇవ్వాలి. బిల్లు వెంట డిశ్చార్జ్ కాగితం, దాని మీద జబ్బు పేరు. ఆ కాగితం ఊళ్ళో పార్టీ నాయకుడి చేతి మీదుగా వెళ్తుంది, పీఏ గారి టేబుల్ మీద ఉంటుంది. అన్నీ కలిసొచ్చి చెక్కు వస్తే, ఎమ్మెల్యే గారు చెక్కు అందిస్తున్నట్టు ఫొటో. మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లో ముందురోజు సాయంత్రమే వచ్చేస్తుంది. గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు ఆ ఫొటో గౌరవంగా ఉంటుందేమో. మాకు ఆ చెక్కు కన్నా వడ్డీ వ్యాపారే నయం. అతను ఫొటో తీయడు.

సోమవారం మీరు నిర్వహించే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు రమ్మంటారా? ఒకసారి ఒకామెను తీసుకుని వెళ్ళాను. అర్జీ నమోదు చేసే టేబుల్ దగ్గర కంప్యూటర్ ముందున్న అబ్బాయి, అతని తప్పేం లేదు, అతని ఉద్యోగమే అది, "సమస్య ఏంటమ్మా, ఏ శాఖ?" అని గట్టిగా అడిగాడు. వెనక పొలం తగాదాల వాళ్ళు, రేషన్ కార్డుల వాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఇంటి స్థలం కావాలని చెప్పింది. ఇంటి స్థలం అర్జీ నమోదు చేయించుకుని తిరిగొచ్చాం. దాని మీద వీఆర్వో గారు విచారణకు కూడా వచ్చారు. అందుకే ఈసారి వరసలో నిలబడకుండా ఇలా బహిరంగంగా రాస్తున్నాను. బహిరంగ లేఖలో నా పేరు దాచుకోగలిగాను, మీ గ్రీవెన్స్‌లో దాచుకోలేకపోయాను.

అదే చట్టం 8వ సెక్షన్ ప్రకారం, కోర్టు ఆదేశిస్తే తప్ప జబ్బు సంగతి చెప్పమని ఎవరూ మమ్మల్ని బలవంతం చేయకూడదు. మా వివరాలు ఉన్న ప్రతి సంస్థా వాటిని భద్రంగా దాచాలని 11వ సెక్షన్. మాకు సంక్షేమ పథకాలు సులువుగా అందేట్టు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయాలని 15వ సెక్షన్. 14వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఏఆర్‌టీతో పాటు, హెచ్‌ఐవీ వల్ల వచ్చే ఇతర జబ్బుల వైద్యం కూడా ప్రభుత్వం అందించాలని అందులోనే ఉంది. కాకపోతే "సాధ్యమైనంత వరకు" అని ఒక మాట చేర్చారు. ఢిల్లీలో ఆ మాట చేర్చినవాళ్ళ మనసులో ఏముందో గానీ, అది వచ్చి మా మీద మందుల చీటీగా పడుతోంది. మీ జిల్లాలో ఎంతవరకు సాధ్యమో తేల్చాల్సింది మీరే.

నాకు తోచిన దారి ఇది. సాయం మా చేతికి డబ్బుగా ఇవ్వక్కర్లేదు. ఖరీదైన ఇంజెక్షన్, మాత్రలు ఆస్పత్రే కొని వార్డులో ఎక్కించాలి. బయట కొనుక్కోమని హెచ్‌ఐవీ రోగికి చీటీ రాయకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. స్టాకు లేకపోతే సూపరింటెండెంట్ గారు లోకల్‌గా కొని, ఆస్పత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి కట్టేట్టు చూడండి. యాంఫోటెరిసిన్ లాంటివి ప్రతి ఆస్పత్రిలో పెట్టుకుంటే గడువు దాటిపోతాయని ఫార్మసీ వాళ్ళు అంటారు, నిజమే కావచ్చు. అయితే ఐదు జిల్లాలకు కలిపి ఒకటి రెండు పెద్దాసుపత్రుల్లో ఉంచి, అవసరమైన చోటికి ఐసు పెట్టెలో పంపండి. నరసాపురం రొయ్య చెడకుండా విశాఖ రేవుకు చేరుతోంది, పది సీసాల ఇంజెక్షన్ అమలాపురం చేరదా?

దీనికి డబ్బెక్కడిదంటే, కోనసీమ కింద గ్యాసు తోడుకుంటున్న కంపెనీలు ఉన్నాయి. ఓఎన్‌జీసీ ఉంది, గెయిల్ ఉంది. 1995లో పాసర్లపూడి బావి మంటలు, 2014లో నగరం పైపులైను పేలుడు మేము భరించాం. లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం చెబుతోంది, వైద్యం ఆ జాబితాలో ఉంది. బస్ షెల్టర్లకు, ఆర్చీలకు పోయే దాంట్లో కొంత తీసి, జిల్లాలో తీవ్ర అనారోగ్యాల మందుల నిధి ఒకటి పెట్టించండి. హెచ్‌ఐవీ నిధి అని బోర్డు పెట్టకండి. కిడ్నీ వాళ్ళూ, క్యాన్సర్ వాళ్ళూ, మేమూ అందరం అందులో ఉండాలి. ప్రారంభోత్సవానికి మమ్మల్ని పిలవకండి.

దారి ఖర్చులకు కూడా ఏఆర్‌టీ సెంటర్‌లో మాకున్న నంబర్ చాలు. మందులు తీసుకున్న రోజున ఆ నంబర్ మీద రానుపోను చార్జీ ఖాతాలో పడాలి. ఖాతా పుస్తకంలో జమ పక్కన పథకం పేరు పడుతుంది, బ్యాంకు మిత్ర పైకి చదువుతాడు. కాబట్టి ఆ పేరు కూడా మామూలుగా, ప్రయాణ భత్యమని మాత్రమే ఉండాలి. ఇంత చిన్న విషయం ఎందుకు రాస్తున్నానని అనుకోకండి. మా బతుకులు బయటపడేది ఇలాంటి చిన్న అక్షరాల్లోనే. సచివాలయాల్లో లబ్ధిదారుల జాబితాలు గోడకు అంటించే అలవాటు ఉంది గనక, ఏఆర్‌టీ అనే మాట ఏ జాబితాలోనూ కనపడకూడదని పంచాయతీ కార్యదర్శులకు, వెల్ఫేర్ అసిస్టెంట్లకు రాతపూర్వకంగా చెప్పండి.

డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. వరదలకు ముందు, జూన్ నెలలోనే, లంక గ్రామాల వాళ్ళకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇప్పించండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు వదిలినప్పుడు లంకలన్నీ మునిగాయి. కనకాయలంక కాజ్‌వే లాంటివి ఇంతకంటే చాలా తక్కువ వరదకే మునుగుతాయి. పడవల్లో పాలు, బియ్యం, కొవ్వొత్తులు వచ్చాయి. పడవలో వచ్చిన వీఆర్వో గారిని హెచ్‌ఐవీ మాత్రలు తెచ్చారా అని ఎవరు అడుగుతారు? 2020 లాక్‌డౌన్‌లో రెండు మూడు నెలల మందులు ఇచ్చారు, ఎవరూ వాటిని పారేసుకోలేదు, అమ్ముకోలేదు. అప్పుడు కుదిరింది ప్రతి గోదావరి వరదకూ కుదరాలి.

ఊరు వదిలి హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి పోయినవాళ్ళు అక్కడి సెంటర్‌లో తాత్కాలికంగా మందులు తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియక, చార్జీలు పెట్టుకుని ఇక్కడిదాకా వస్తున్నారు, లేదా మానేస్తున్నారు. మందుల వివరాలు రాసి మాకిచ్చే గ్రీన్ బుక్ వెనక అట్ట మీద తెలుగులో నాలుగు లైన్లు అచ్చువేయించి, 1097 ఉచిత ఫోన్ నంబర్ కూడా పక్కనే వేయిస్తే సరిపోతుంది.

వాళ్ళు చేసుకున్నదానికి జనం సొమ్మెందుకు పెట్టాలి అనే మాట మీ ఆఫీసుల్లోనే వినపడుతుందని నాకు తెలుసు. పెళ్ళి తప్ప ఇంకేం చేసుకోని ఆడవాళ్ళం మాలో ఎంతమందిమో అడగండి అనబోయి ఆగిపోతున్నాను. అలా అంటే మిగతావాళ్ళకు వైద్యం అక్కర్లేదని ఒప్పుకున్నట్టవుతుంది. తప్పొప్పులు విచారించి మందు ఇచ్చే ఆస్పత్రి ఏదీ ఉండకూడదు. డబ్బు లెక్కే కావాలంటే అదీ ఉంది. సరిగ్గా మందులు వాడి వైరల్ లోడు కనపడనంతగా తగ్గినవాళ్ళ నుంచి లైంగికంగా ఎవరికీ వైరస్ అంటదు. చార్జీలు లేక మధ్యమధ్యలో మానేస్తే వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. అప్పుడు సెకండ్ లైను మందులు, అవీ పని చేయకపోతే థర్డ్ లైను మందులు వాడాలి, వాటి ధర ఎన్నో రెట్లు, పైగా వాటి కోసం ఇంకా దూరపు పెద్ద సెంటర్లకు పోవాలి. దేశంలో ఈ వైరస్‌తో ఉన్నవాళ్ళు 25 లక్షల పైమాట. మన రాష్ట్రంలోనే మూడు లక్షలకు పైగా ఉన్నాం, మహారాష్ట్ర తర్వాత మనమే.

ఈ లేఖకు జవాబు నాకు పంపడానికి మీ దగ్గర నా చిరునామా లేదు. అక్కర్లేదు కూడా. మీరు ఏం చేయగలరో, ఏది మీ చేతుల్లో లేదో ఒక కాగితం మీద రాయించి, డిసెంబర్ 1 ఎయిడ్స్ దినం ర్యాలీకి ముందే, మీ ఐదు జిల్లాల్లోని అన్ని ఏఆర్‌టీ సెంటర్లలో మందులిచ్చే కిటికీ పక్కన అంటించండి. నెల మందులకు వచ్చినప్పుడు అందరం చదువుకుంటాం. కుదరదన్నవి ఎందుకు కుదరవో కూడా రాయండి. వాటి గురించి రాష్ట్ర సంస్థకు మళ్ళీ రాస్తాను.

ఇట్లు,
రాజోలు దీవి నుంచి ఒక మహిళ